క్లమీడియాకు అల్లుడి మర్యాద

సూక్ష్మజీవులన్నింటిలోకీ మర్యాద తెలిసింది క్లమీడియా ఒక్కటే! కాదనేవాళ్లుంటే ముందుకు రండి, తేల్చుకుందాం.

జలుబునే తీసుకోండి. వచ్చిందంటే వీధి వీధంతా తెలిసిపోవాలి. ఆ తుమ్ములేమిటి, ఆ చీదుళ్లేమిటి! జ్వరం ఇంకో రకం. మంచమెక్కించి, మూలిగించి, చుట్టాలందరినీ పరామర్శకు రప్పిస్తే గాని దాని సరదా తీరదు. క్లమీడియా ఏనాడైనా ఇలాంటి చవకబారు వేషాలు వేసిందా? ఆడవాళ్ల ఒంట్లో చేరిందంటే చాలామందికి నొప్పి ఉండదు, మంట ఉండదు. కిక్కురుమనకుండా గర్భసంచి గుమ్మం దగ్గర మకాం పెడుతుంది. వీలు చూసుకుని లోపలికి, అక్కణ్ణుంచి పైన ట్యూబుల్లోకి పాకుతుంది. ఒక్కోసారి ఆ ట్యూబులు మచ్చలు కట్టి మూసుకుపోతాయి, ఇక కడుపు పండదు. ఇంత చేసి కూడా ఒక్క మాట పైకి అనదు. ఇంత సంస్కారం మన చుట్టాల్లో ఎంతమందికి ఉంది చెప్పండి!

ఇదంతా నాకెలా తెలుసంటారా? మా చిన్నకోడలు చేసే ఉద్యోగమే ఇది. ల్యాబులో ఈ క్రిమి జన్యువులను ఒక్కొక్కటే పాడుచేసి, అలా పాడైనదాన్ని ఆడ ఎలుకల్లోకి ఎక్కించి, అది గర్భసంచి దాకా పాకుతుందో లేదో చూస్తుంది. ఎవరైనా అడిగితే ‘కోడలు కంప్యూటర్లలో పనిచేస్తోంది’ అని చెప్పి నెట్టుకొస్తున్నాను.

ఆ పిల్లకు మాత్రం సిగ్గూ ఎగ్గూ లేదు. భోజనాల బల్ల దగ్గరే మొదలుపెడుతుంది. “ఒక జన్యువు పాడుచేస్తే ఇది కిందే ఆగిపోతుంది మామయ్యగారూ! ఇంకోటి పాడుచేస్తే పైకి పాకినా ట్యూబులకు పెద్దగా హాని చెయ్యదు. సొంతంగా బతకడం దీనికి చేతకాదు. మన కణంలో దూరి, అక్కడే ఓ గది కట్టుకుని, మన తిండే తిని పెరుగుతుంది.”

అంటే ఇల్లరికపుటల్లుడన్నమాట! అప్పటి నుంచీ నాకు దానిమీద గౌరవం రెట్టింపయింది.

ఇక అసలు సంగతి. మా అమ్మాయికి పెళ్లయి చాలాకాలమైంది. బిడ్డ కావాలని దానికి ప్రాణం కొట్టుకుంటోంది. చంటిపిల్లల బట్టల దుకాణం ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడుస్తుంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, “క్లమీడియా ఉంది. ట్యూబులు ఇప్పటికైతే బాగానే ఉన్నాయి. మళ్లీ మళ్లీ వస్తే మాత్రం నేను చెప్పలేను” అంది.

“ఎవరి వల్ల వచ్చిందండీ?” అని అడిగింది మా ఆవిడ, ఎదురుగా లేని వియ్యపురాలిని మనసులో నిలబెట్టి.

“ఆ పంచాయితీ నాకొద్దమ్మా. ఏళ్ల తరబడి తెలియకుండా ఉండగలదు ఇది. పడకమీద ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి మొగుడూ పెళ్లాం ఇద్దరూ మాత్రలు వేసుకోవాలి, కోర్సు అయ్యేదాకా దూరంగా ఉండాలి. అంతే.”

అంతేనట! అల్లుడుగారి ఎదుట నిలబడి ‘నాయనా, నీకు ఫలానా చోట ఫలానా క్రిమి’ అని ఏ మామగారైనా అనగలడా? తనే చెబుతానని అమ్మాయి బయల్దేరింది. “నువ్వు నోరెత్తకు. ఆయనతో ఎలా చెప్పాలో మేం చూసుకుంటాం” అని కేకలేశాను.

చూసుకున్నాం కూడా! మందుల షాపులో ఆయన కోసం ఇచ్చినవి వేరే కంపెనీ మాత్రలు, రంగు కూడా వేరు. వాటిని రేకుల్లోంచి తీసి ఖాళీ విటమిన్ సీసాలో పోశాను. “ఆఫీసు పనితో నీరసించిపోతున్నారు, పూటకొకటి వేసుకోండి” అని చేతిలో పెట్టాను. దూరంగా ఉండే విషయానికి కూడా ఉపాయం ఉంది. అమ్మాయిని మా ఇంట్లోనే ఉంచేసుకుని, అల్లుడుగారిని రోజూ సాయంత్రం టీకి పిలిచాం. నోరు మెదపకుండా వైద్యం మొత్తం నడిపించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగైదు రోజులకే అమ్మాయికి వాంతులు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ దేవుడికి దణ్ణం పెట్టింది. నేను నలుగురికి ఫోన్లు కూడా చేసేశాను. ఎవరికీ చెప్పొద్దని అమ్మాయి బతిమాలుతున్నా వినలేదు.

కడుపు లేదు, ఏమీ లేదు. కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే మళ్లీ క్లమీడియా! అమ్మాయి గదిలో తలుపేసుకుని ఏడ్చింది. బయట నిలబడ్డ నాకు గుండె చెరువైంది. ఆ మాట మాత్రం పైకి అనలేదు, మనకూ మర్యాద ఉంది కదా.

ఆ ఆదివారం అందరం భోజనాలకు కూర్చున్నాం. చిన్నకోడలు గరిటె పక్కన పెట్టి, “అన్నయ్యగారూ, మీ మాత్రల కోర్సు పూర్తిచేశారా?” అంది.

“ఏ మాత్రలమ్మా? మామయ్యగారిచ్చిన విటమిన్లా? అవన్నీ మా ఆవిడకే ఇచ్చేశాను. మనిషి చిక్కిపోయింది, నాకంటే తనకే బలం కావాలనిపించింది.”

అయ్యో రామా! అమ్మాయికి రెండు కోర్సులు, అల్లుడికి గుండుసున్నా. వాంతులు ఎందుకయ్యాయో అప్పుడర్థమైంది. నేను పప్పు గిన్నె అల్లుడుగారి వైపు జరిపాను. చిన్నకోడలు మాత్రం ఆ నాలుగక్షరాల మాటనూ బల్లమీద పెట్టేసింది.

పుట్టి మునిగిందనుకున్నాను. అల్లుడుగారి మొహం ఎర్రబడింది. “నా ఒంట్లో జబ్బుందని నాకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసన్నమాట! నువ్వైనా చెప్పొచ్చు కదే?” అన్నాడు అమ్మాయితో.

“చెబుతానంటే నాన్న కేకలేశారండీ.”

ఆయన నావైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. “ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్దాం, పద” అని చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ తర్వాత రోజూ ఆఫీసు నుంచి నాకు ఫోను: “మామయ్యగారూ, క్లమీడియా మాత్ర వేసుకున్నానండీ!” చుట్టూ జనం మాటలు వినిపిస్తూనే ఉంటాయి. “కాస్త మెల్లగా బాబూ” అంటే, పక్కవాళ్లకు కూడా వివరించి చెబుతున్నాడు!

మొన్నటి పరీక్షలో ఇద్దరికీ క్రిమి లేదు. ట్యూబులు బాగున్నాయట. అమ్మాయి చాలాకాలానికి పడీపడీ నవ్వింది. అంత మర్యాదగల క్రిమికి మా ఇంట్లో నిలువనీడ లేకుండా పోయింది.

నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. నలుగురికీ పనికొస్తుందని, పెన్నూ కాగితం తీసుకుని చిన్నకోడలిని హుందాగా అడిగాను: “రెండోసారి తిరిగి రావడానికి దానికి ఏ జన్యువు సాయపడిందమ్మా?”

“దానికి జన్యువు అక్కర్లేదు మామయ్యగారూ. మీరున్నారుగా!”

చదువరులారా, మీరే చెప్పండి. పెద్దవాళ్లకిచ్చే మర్యాద ఇదేనా?