ఒక గిన్నె పాలు, రెండు కాపురాలు

ఆ బుధవారం పొద్దున గోవిందరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. అద్దెకు దిగేవాళ్ళు వచ్చి పాలు పొంగించుకుంటారు. వాళ్ళ చేతిలో తాళాలు పెట్టి, గుమ్మానికో దండం పెట్టి, సామాను వ్యానులో డ్రైవరు పక్కన పెళ్ళాన్నీ కూతుర్నీ కూర్చోబెట్టి, మిగిలిన జాగాలో తనూ ఇరుక్కుంటే సాయంత్రానికి ఝార్సుగూడ చేరిపోవచ్చు. టాటానగర్‌లో గూడ్సు గార్డుగా ఏళ్ళ తరబడి పనిచేసినవాడికి అక్కడికి బదిలీ అయింది. శుక్రవారం డ్యూటీలో చేరాలి.

బిర్సానగర్‌లోని ఆ ఇల్లు వాళ్ళ నాన్న టాటా కార్ఖానాలో షిఫ్టులు చేసి కట్టింది. దాంట్లోకి పరాయివాళ్ళు కాపురానికి రావడం ఇదే మొదలు. అందుకే అద్దె గురించి గోవిందరావు పెద్దగా బేరమాడలేదు. సందెవేళ దీపం పెట్టేవాళ్ళు, మాట మీద నిలబడేవాళ్ళు దొరికితే చాలనుకున్నాడు. తన మాట మీద తను నిలబడగలడా అన్న అనుమానం అప్పటికింకా రాలేదు.

చిక్కంతా మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేకపోవడం వల్ల వచ్చింది. బదిలీ ఆపించుకోవడం చేతకాలేదని రమాదేవి అలిగింది. ఆవిడ అలిగితే అరవదు, చెప్పాల్సినవన్నీ హేమ చేత చెప్పిస్తుంది. హేమ కాలేజీ పిల్ల. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లుంటాయి. తెలుగులో చెప్పిన మాటని హిందీలోకి మార్చి, సగానికి సగం తగ్గించి అవతలివాళ్ళకి అందిస్తుంది.

"నాన్నకి సెప్పు. గుళ్ళో కస్తూరమ్మగారు అడిగితే ఇల్లు ఇత్తానన్నానని," అంది రమాదేవి పోయిన వారం, వంటింట్లోంచి.

"పాపా, ఘర్ కే లియే లోగ్ మిల్ గయే," అంది హేమ వసారాలోకి వచ్చి.

ఇంటికి మనుషులు దొరికారట. దొరక్కేం, సాక్చి బజార్లో బట్టల కొట్లో పనిచేసే సూర్యానికి గోవిందరావు అంతకు ముందే మాటిచ్చేశాడు. ఆ సంగతి ఎలాగో పెళ్ళాం చెవిన పడిందన్నమాట, అనుకుని సంతోషించాడు. "నాకు తెలుసు, ఖాయం చేసీమని అమ్మకి సెప్పు," అన్నాడు. అది వంటింట్లోకి "ఓకే బోలా" అని, అంటే సరేనన్నాడని చేరింది. కస్తూరమ్మకి ఖాయమైపోయింది. సూర్యానికి ఎలాగూ ఖాయమే.

ఆ ఇద్దరూ ముహూర్తం కోసం వెళ్ళింది ఒకే తెలుగు పురోహితుడి దగ్గరికి. ఆయనకి కావలసింది నక్షత్రాలు గాని ఇంటి నంబర్లు కాదు. ఇద్దరికీ బుధవారం పొద్దున్నే దివ్యంగా ఉందన్నాడు.

ముందుగా సూర్యమూ, భార్య దాలమ్మా కొత్త గిన్నెతో దిగారు. సాగనంపడానికి మొగుడి తరఫువాళ్ళెవరో వచ్చారనుకుని రమాదేవి మర్యాదగా వసారా అరుగు మీద కూర్చోమంది; కుర్చీలన్నీ అప్పటికే వ్యానెక్కాయి. వాళ్ళు కూర్చుంటుండగానే కస్తూరమ్మ పాలప్యాకెట్టుతో వచ్చింది. వెనకాలే ఆవిడ కొడుకు కిషోర్, సామాను టెంపో సందు మొదట్లో ఆపించి, దేవుడి పటం చంకలో పెట్టుకుని వచ్చాడు. పెళ్ళాం తరఫు చుట్టాలు కాబోలని గోవిందరావు ఆమెకు నమస్కారం పెట్టాడు. ఎవరని భార్యని అడుగుదామంటే మాటల్లేవు. హేమని అడుగుదామంటే చెవులు ఖాళీగా లేవు.

వంటింట్లో ఇంకా తికమకైంది. కస్తూరమ్మ పెద్దరికం చూసి, ఇంటావిడ అప్పగారు, తోడబుట్టిన అక్క, అనుకుంది దాలమ్మ. పొయ్యి దగ్గర చొరవగా తిరుగుతున్న దాలమ్మని చూసి, ఇంటాయన చెల్లెలనుకుంది కస్తూరమ్మ.

"అప్పా, పెద్దోరు. ముందు మీరు పొయ్యండి," అంది దాలమ్మ వంగి దండం పెట్టి.

"ఇంటి ఆడపడుచువి నువ్వుండగా నానెలా పోత్తానమ్మా, నువ్వూ ఓ సెయ్యి ఎయ్యి," అంది కస్తూరమ్మ.

ఇద్దరూ ఒకేసారి ఆ కొత్త గిన్నెలో పాలు పోశారు. పాలు తూర్పుకే పొంగాయి. అందరూ అక్షింతలు వేసుకున్నారు. గోవిందరావుకి కళ్ళు చెమర్చాయి. తనకి తెలియకుండానే ఇంత ఘనంగా ఏర్పాటు చేసినందుకు పెళ్ళాం మీద ప్రేమ కూడా పుట్టింది.

ఆ ప్రేమ పరమాన్నం చల్లారేదాకా కూడా నిలవలేదు. దాలమ్మ అతని చేతికి గిన్నె అందిస్తూ గొంతు తగ్గించి, "అన్నియ్యా, ఒదినగారి అప్ప ఎప్పుడెల్తారు? సామాను సర్దుకోవాల," అంది. సరిగ్గా అప్పుడే గది అవతల కస్తూరమ్మ రమాదేవి చెవి దగ్గర, "మీ ఆడపడుచు ఇక్కడే ఉండిపోతాదేటమ్మా?" అంది.

రమాదేవికి అప్పలూ లేరు, ఆడపడుచులూ లేరు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారం రోజుల్లో మొదటిసారి రమాదేవి మొగుడితో నేరుగా మాట్లాడింది.

"ఆళ్ళెవులు?"

"నానిల్లిచ్చినోల్లు. మరీళ్ళెవులు?"

"నానిచ్చినోల్లు."

గోవిందరావు గడప వంక చూశాడు. పాలు పొంగించినవాళ్ళని గడప దాటించడమంటే వాళ్ళ ఉసురు పోసుకోవడమే. ఆ ఇంట్లో ఆ పని చేస్తే తండ్రికి మొహం ఎలా చూపిస్తాడు? తండ్రి పోయి చాలా కాలమైందని గుర్తొచ్చినా సిగ్గు తగ్గలేదు. ఎవరికో ఒకరికి మాట తప్పాలి. ఎవరికన్నది మాత్రం ఎంత ఆలోచించినా తెగలేదు. ముందు వ్యానెక్కేసి, ఏదైనా ఫోనులో చెబుదామని తీర్మానించుకుని, భార్యని రెక్క పట్టుకుని వీధిలోకి నడిచాడు.

వీధిలో వ్యాను లేదు. వ్యాను ఉండాల్సిన చోట కిషోర్ టెంపో ఉంది.

"ఆ బండా బావూ? నా టెంపోకి అడ్డమొచ్చింది. చలే క్యా అని డ్రైవరడిగితే ఎల్లమన్నాను," అన్నాడు కిషోర్, మంచం దించుతూ.

ఇంట్లోంచి వచ్చి హడావుడి చేస్తున్నవాడు ఇంటివాళ్ళబ్బాయి కాక ఇంకెవరు, అనుకున్నాడు డ్రైవరు. గార్డు జెండా ఊపకుండా బండి కదలడం గోవిందరావు ఉద్యోగంలో ఎన్నడూ ఎరగడు. హేమ ఇయర్‌ఫోన్లు తీసి మరీ ఫోను చేసింది. వ్యాను అప్పటికే ఊరు దాటి చైబాసా దారిలో చాలా దూరం పోయింది. మీరు రైల్లో వస్తారనుకున్నాను, ఇక వెనక్కి రాలేను, ఝార్సుగూడలోనే కాపలా ఉంటానని డ్రైవరు ధైర్యం చెప్పాడు. ఇక మర్నాడు పొద్దుటి రైలే గతి.

మెల్లగా ఇంట్లోకి తిరిగొచ్చి, గోవిందరావు తలొంచుకుని ఇద్దరికీ నిజం చెప్పేశాడు. సూర్యం నోరు తెరిచాడు. కిషోర్ మంచం కోడు వదిలేశాడు. కస్తూరమ్మ మాత్రం గిన్నెలోకి చూసింది.

"పాలు కలిసిపోయినాయి కదా. ఇప్పుడు ఏవి ఎవులివో తేల్చగలమేటి?" అంది. "మావోడికి నైట్ డ్యూటీలు. ఒంటిగా పడుకోడానికి నాకు బయం. ముందు గది మాకు సాలు."

"ఎనక రెండూ మేం సర్దుకుంటాం. మాయాయన పొద్దు పోతే గాని కొట్లోంచి రాడు. నాకూ ఓ పెద్దదిక్కు," అంది దాలమ్మ. అంతటితో పంచాయితీ అయిపోయింది. గోవిందరావు రెండు మాటలూ నిలబడ్డాయి. అందులో అతను చేసిందేమీ లేదు.

సూర్యం సామాను కూడా వచ్చి, మధ్యాహ్నానికల్లా రెండు కాపురాల సామాను ఇంటినిండా సర్దుకుంది. గోవిందరావు కుటుంబానికి కట్టుబట్టలు తప్ప మరేమీ మిగల్లేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక ముగ్గురూ గోడవార నిలబడ్డారు. దాలమ్మ చూసి నొచ్చుకుంది. గబగబా కొత్త చాప పరిచి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"నిలబడిపోయేరేటి, కూకోండి. ఈ రాత్రికి బోజనం, పడక ఇక్కడే. మొగమాటపడకండి అన్నియ్యా, మీ ఇల్లే అనుకోండి," అంది.

గోవిందరావు చాప మీద ఓ అంచున కూర్చుని, అలా అనుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాడు.