సహజ సౌందర్య పథకం

"ఇకనుంచి ప్రభుత్వ ప్రకటనల్లో బొమ్మల్లాంటి అమ్మాయిలు ఉండరు. ఉన్నదున్నట్టు మన ఆడపడుచులే ఉంటారు!" అని స్త్రీ సంక్షేమ మంత్రిగారు సభలో సెలవిచ్చి, చప్పట్ల మధ్య విగ్గు సవరించుకుని కూర్చున్నారు.

ఆ భాగ్యం పెద్దాసుపత్రి హెడ్‌నర్సుకి పట్టింది. ఏభైకి దగ్గరపడ్డ మనిషి. కళ్ళకింద నల్లటి చారలు, మొహంనిండా నవ్వు. వార్డులోనే ఫోటో తీశారు. తల దువ్వుకోబోతే వద్దన్నారు. ఇంటికెళ్ళి చెబితే భర్త మురిసిపోయాడు. "ఇన్నాళ్ళకి నా కళ్ళు పెట్టుకుని చూశారన్నమాట!" ఆ వయసులో ఆవిడకి సిగ్గు ముంచుకొచ్చింది.

ఒప్పందం మీద సంతకానికి మంత్రిగారి ఛాంబర్‌కి పిలిచారు. మూల కుర్చీలో ఒదిగి కూర్చుంది. మంత్రిగారు తెరమీది ఫోటో నుంచి చూపు తిప్పలేదు.

"అద్భుతం! ఎంత సహజం! ఆ చారలు మాత్రం తీసేయండి. మన ఆసుపత్రుల్లో పని ఎక్కువనుకుంటారు జనం."

తీసేశారు.

"రంగు..."

"సహజమైన రంగే సార్," అన్నాడు ప్రచార డైరెక్టరు.

"సహజమేనయ్యా. కాస్త ఎక్కువ సహజమైంది. తగ్గించు. ముక్కులో పాజిటివిటీ లేదు. నడుం దగ్గర బడ్జెట్ కోత పెట్టు."

ఆవిడ ఉండబట్టలేక, "నవ్వైనా ఉంచండి బాబూ," అంది.

"నవ్వు మీదేనమ్మా," అన్నాడు డైరెక్టరు. "పళ్ళు మాత్రం మార్చాం."

ఊరంతా పోస్టర్లు వెలిశాయి. కూడలిలో ఆవిడతో నడుస్తున్న భర్త తలెత్తి చూశాడు. "ఎవరీ అమ్మాయి?"

"నేనే."

ఆయన చాలాసేపు చూశాడు. "బాగున్నారండీ," అని నాలిక్కరుచుకున్నాడు.

వారం తిరక్కుండా ఒక క్రీముల కంపెనీ మంత్రిగారి మీదికొచ్చింది. ఆ మొహం తమ డబ్బా మీదిదట. మంత్రిగారు పక్కపక్కన పెట్టి చూశారు. అచ్చుగుద్దినట్టుంది. పెద్దమనసు చేసుకుని రాజీ కుదిర్చారు: కంపెనీ కేసు పెట్టదు, ప్రభుత్వం ఆ క్రీము కొని ఆడపడుచులందరికీ ఉచితంగా పంచుతుంది.

పంపిణీ సభకి హెడ్‌నర్సుకీ ఆహ్వానం అందింది. ఇస్త్రీ యూనిఫాం వేసుకుని వెళ్ళింది. పేరు పిలుస్తారేమోనని, తన నిలువెత్తు పోస్టర్ పక్కనే వేదిక మెట్ల దగ్గర నిలబడింది. మంత్రిగారు మొదటి డబ్బా అందుకుని చుట్టూ చూశారు. చూపు ఆవిడ మీద ఆగింది. గొంతులో దయ పొంగింది.

"ముందు ఈ అమ్మకిద్దాం. పాపం, ఇలాంటివాళ్ళ కోసమే కదా ఈ పథకం!"

చప్పట్లు మోగాయి. ఆవిడ డబ్బా అందుకుంది. ఇంతలో పత్రికల ఫోటోగ్రాఫరు ఒకడు కెమెరా దించి విసుక్కున్నాడు.

"కాస్త పక్కకి జరగండమ్మా! హెడ్‌నర్సుగారి మొహానికి అడ్డొస్తున్నారు."