ఆడోళ్ల బండికి మగ గేర్లు

మెత్తగా నడిచే బండి సమాజానికి హానికరం!

నడుముకు ఉప్పు కాపడం పెట్టుకుంటూ ఈ మాట రాస్తున్నాను, కాబట్టి నమ్మొచ్చు. ఎవరింట్లో ఆటోమేటిక్ గేర్ల బండి ఉన్నా వెంటనే దాని కిందికి దూరి, గేర్‌బాక్స్ విప్పి, లోపల బిరుసు స్ప్రింగులు వేయాల్సిందే. కంపెనీ ఇంజినీర్లు ఏళ్ల తరబడి కష్టపడి తీసేసిన కుదుపును మన వాకిట్లో మనమే తిరిగి పెట్టుకోవాలి. స్వయంకృషి అంటే ఇంకేమిటి?

మా ఇంట్లో ఆ శుభకార్యం జరిగింది. ఫలితాలు మీ ముందుంచుతాను.

మాది మర్రిగూడ వైపు. గొర్రెల మంద, కొంచెం పత్తి, మా ఆయన పరశురాములు, మా అత్త బీరమ్మ, నేను. పోయినేడు గొర్రెల్ని అంగడికి తీసుకుపోవడానికి ఒక పికప్ ట్రక్కు కొన్నాం. పాతదే కానీ ఆటోమేటిక్. ఏరికోరి ఆటోమేటిక్ ఎందుకంటే, ఆ మాట అన్నది మా ఆయనే:

"క్లచ్చు లొల్లి లేదు శైలజా! నువ్వు గూడ నడపొచ్చు. నాకు పనున్న దినం నువ్వే పోయి రావొచ్చు."

నేర్చుకున్నాను. లైసెన్సు తెచ్చుకున్నాను. పాల కేంద్రానికి క్యాన్లు, అంగడికి గొర్రెలు, దవాఖానకు అత్తమ్మ మోకాళ్లు, అన్నీ నేనే తీసుకెళ్లాను. పెళ్లయిన నాటి నుంచి ఎక్కడికి కదలాలన్నా "జర దింపుతవా?" అని ఎవరో ఒకరిని బతిమాలుకున్నదాన్ని. అలా బండి నడిపిన ఆరు నెలలూ ఎవరినీ ఏమీ అడగలేదు. తాళం దేవుడి గూట్లో ఉండేది. ఎవరికి పనుంటే వాళ్లం తీసుకునేవాళ్లం.

అంత సుఖం ఆడమనిషికి మంచిదా? మీరే చెప్పండి!

ఆ ప్రమాదాన్ని మొదట కనిపెట్టినవాడు మా మామ వరస కృష్ణయ్య. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ నలుగురిలో మా ఆయన్ని నిలదీశాడట.

"ఏందిరా పర్శరాములూ, గిది ఆడోళ్ల బండి గదరా! క్లచ్చు లేదు, గేర్లేసుడు లేదు. కాలు పెడితే పోతది, తీస్తే ఆగుతది. మరి నువ్వు అండ్ల ఏం చేస్తవ్?"

"నడుపుత, పెద్దబాపూ."

"దాన్ని నడుపుడు అనరురా. కూసునుడు అంటరు!"

హోటల్ హోటలంతా నవ్విందట. ఆ నవ్వు మా ఆయన వెంట ఇంటిదాకా నడిచొచ్చి, కంచం ముందు కూడా కూర్చుంది.

"గేర్ పడ్డట్టే తెలుస్తలేదే! గిట్ల మెత్తగ పోతే బండి నడిపినట్టా, ఉయ్యాలల పన్నట్టా?" అన్నాడు.

"తెల్వకుండ పడుడే దాని పనయ్యా. గందుకే గద ఏరి కొన్నం."

"నీకు తెల్వదు తియ్."

నిజమే, నాకు తెలియదు. హోటల్లో పడ్డ మాట గేర్‌బాక్స్ దాకా దిగుతుందని నాకేం తెలుసు?

ఫోన్‌లో ఒక వీడియో దొరికింది. ఏ దేశమో, ఒక గడ్డపాయన తన ఇంటి షెడ్డులో పడుకుని ట్రక్కుకు ఝట్కాలు నేర్పుతున్నాడు. ఆయన ఇంగ్లీషు మా ఆయనకు అర్థం కాలేదు. గడ్డం అర్థమైంది. వారం తిరక్కుండా పార్సిల్లో ఒక చిన్న డబ్బా వచ్చింది. అందులో స్ప్రింగులు, వాషర్లు, ఒక డ్రిల్లు బిట్టు.

వాకిట్లో పట్టా పరిచి, బండిని రాళ్ల మీదికి ఎక్కించాడు. అడుగున ఉన్న రేకు పళ్లెం విప్పగానే ఎర్రటి నూనె ధారగా కారింది. పట్టడానికి ఏం దొరికింది? నా ఇత్తడి బేసిన్! మా అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఓరి పర్శిగా! గంత మామిడి తొక్కు నూనె మన్నుపాలు చేస్తున్నవేందిరా!"

"తొక్కు నూనె గాదమ్మా, గేర్ నూనె."

"నీ మొకం. ఎర్రగ ఎంత మంచిగున్నది!" అని వేలు ముంచింది. నాలుక దాకా పోకుండా నేను చెయ్యి పట్టుకున్నాను.

లోపలి నుంచి వాల్వ్ బాడీ అనే వస్తువు బయటపడింది. చెదపుట్టను అడ్డంగా కోసినట్టు సందులు, మలుపులు. ఆ సందుల్లో నూనె ఎంత జోరుగా పోతే గేరు అంత గట్టిగా పడుతుందట. మా ఆయన రెండు రంధ్రాలను డ్రిల్లుతో పెద్దవి చేసి, మెత్తటి స్ప్రింగులు పీకి బిరుసువి వేశాడు. ఈలోగా చిన్న ఉక్కు గోలీలు జారి వాకిలంతా దొర్లాయి. కోళ్లు గింజలనుకుని ఎగబడ్డాయి. చీపురుతో నేను ఒక అడుగు ముందు చేరబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా మూడో గేరు ఒక పుంజు కడుపులో ఉండేది.

ఈ మహాయజ్ఞంలో నా అసలు ఉద్యోగం ఫోన్ లైటు పట్టుకోవడం. "గిటు గాదే, గటు! గటు గాదు, గిటు!" భార్య పట్టిన లైటు భర్తకు కావాల్సిన చోట పడినట్టు చరిత్రలో ఎక్కడా లేదు.

అంతా బిగించాక బండి తీశాడు. ఒకటో గేరు నుంచి రెండుకు మారగానే, వెనక నుంచి పొట్టేలు కుమ్మినట్టు బండి ముందుకు దూకింది. మా ఆయన మొహం వెలిగిపోయింది!

"గిదీ బండంటే!" అని దిగి, తాళం చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇగ గిది నీతోని గాదు. మగోని చెయ్యి పడాలె. యాడికన్న పోవాలంటే చెప్పు, దింపుత."

తాళం దేవుడి గూటి నుంచి ఆయన గుండె మీదికి మారింది. నేను మళ్లీ "దింపుతవా?" దగ్గరికి వచ్చాను. కానీ నేను స్వార్థపరురాలిని కాను. సమాజం కోణంలో ఆలోచించాను.

డిగ్రీలో నేను తెలుగు చదివాను. మన వ్యాకరణంలో శైలజ వచ్చింది, గొర్రె వచ్చింది, బండి వచ్చింది. ముగ్గురికీ కలిపి ఒకే క్రియ. పరశురాములు మాత్రం వచ్చిండు. బండిని ఆ 'ది' లోంచి లేపి 'డు' లో కూర్చోబెట్టడానికి ఒక మనిషి వాకిట్లో వెల్లకిలా పడుకుని, కళ్లలో నూనె పోసుకుని శ్రమించాడు. భాషకు ఇంత సేవ ఏ పండితుడు చేశాడు?

ఇక లాభాలు వినండి.

పాల కేంద్రానికి చేరేసరికి క్యాన్లలో వెన్న తేలుతోంది. మా గొర్రెలకు చదువొచ్చింది. ఇంజను మూలుగు విని, గేరు మారే ముందే మందంతా ఒక్కసారి కాళ్లు ఎడం చేసి నిలబడుతోంది. పిల్లలకు ఇంత క్రమశిక్షణ ఏ బడి నేర్పింది? భక్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండో గేరుకు మా అత్త "యాదగిరి నర్సిమ్మా!" అంటుంది. మూడుకు "కొమురెల్లి మల్లన్నా!" నాలుగుకు "బీరప్పా, నీదే భారం!" ఐదో గేరుకు ఆమె దగ్గర దేవుడు లేడు. అందుకే అందాకా పోనివ్వదు.

పక్కింటి నిరోష, ఆమె పెనిమిటి నెలరోజులుగా మాట్లాడుకోవడం లేదు. ఎలాగో ఒకే ట్రిప్పులో వెనక ఎక్కారు. మర్రిగూడలో దిగేసరికి ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఉన్నారు. ఫ్యామిలీ కోర్టులు ఈ దిశగా ఆలోచించాలి!

అయితే ఏ గొప్ప ఆవిష్కరణకైనా మొదటి బలి దాన్ని కనిపెట్టినవాడే. రెండు నెలలు తిరిగేసరికి మా ఆయన నడుం పట్టేసింది. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. నల్లగొండలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి అడిగాడు.

"ఏం నడుపుతావయ్యా? ట్రాక్టరా?"

"లేదు సార్... ఆటోమేటిక్."

డాక్టరు ఎక్స్‌రేను తిప్పి మళ్లీ చూశాడు. "నెల దాకా స్టీరింగ్ ముట్టకు," అన్నాడు.

దవాఖాన బయట బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాం. వెళ్లేటప్పుడు ఆయనే పళ్లు బిగించి నడిపాడు. ఇప్పుడు ఎవరు? మా ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత జేబులోంచి తాళం తీసి, నా వైపు చూడకుండా, నా అరచేతిలో పెట్టాడు.

"పాత స్ప్రింగులే మళ్ల ఏస్త. జర నడుం కుదురుకోనీ," అన్నాడు.

"ఎందుకయ్యా? గంత కష్టపడి మగోన్ని చేసినవ్, ఉండనీ," అన్నాను.

ఇదండీ నేను చెప్పే అసలు మేలు! మెత్తటి బండి అయితే మొగుడు దిగడు. గట్టి బండి అయితే అదే దింపుతుంది. తాళం కోసం గొడవ పడొద్దు చెల్లెళ్లూ, స్ప్రింగులు కొనివ్వండి.

నిన్న అంగడి. కృష్ణయ్య మామ తన నాలుగు పొట్టేళ్లను వెనక ఎక్కించి, నా పక్కన కూర్చున్నాడు. రెండో గేరుకు ఆయన తలపాగా ఒళ్లో పడింది. మూడో గేరుకు ఆయన నెత్తి రేకుకు తగిలింది. ఇక ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"శభాష్ బిడ్డా! మగోని లెక్క నడుపుతున్నవ్!"

అదే కాలు, అదే చెయ్యి. ఆరు నెలలు ఒక్క గొర్రె కాలు బెణకలేదు, ఒక్క చుక్క పాలు ఒలకలేదు, మా అత్త దవాఖాన వచ్చేదాకా గురకపెట్టి పడుకునేది. అప్పుడు ఎవరికీ నేను నడుపుతున్నట్టే కనిపించలేదు. ఇప్పుడు ముసలాయన నెత్తి బొప్పి కట్టేసరికి నాకు డ్రైవింగ్ వచ్చేసింది!

"సంతోషం మామా," అన్నాను. నాలుగో గేరు పడింది.

"బిడ్డా... జర ఆపు. దిగి నడుస్త."

"అంగడి ఇంక దూరమున్నది మామా."

"ఉండనీ తియ్. నా పొట్టేళ్లు పైలం."

ఆపాను. ఆయన నడుం పట్టుకుని దిగి, పంచె సర్దుకుని, రోడ్డు వెంట బయల్దేరాడు. వెనక నుంచి ఆయన పొట్టేళ్లు నాలుగూ మెడలు చాచి ఆయన్నే చూశాయి. ఆ చూపులో కోపం లేదు. అసూయ ఉంది.