కంప్యూటర్ సోదరుడి కాపురం

జీవానందం ఆ పొద్దున వేసుకున్న ప్రణాళిక చిన్నదే. భార్య అబిగయీలు చిల్లకూరులో పుట్టింటికి వెళ్లింది, సాయంత్రానికి వచ్చేస్తుంది. ఈలోగా ఒక లెక్కలో తప్పు పట్టుకోవాలి, నిన్నటి రొయ్యల కూర వేడి చేసుకుని తినాలి. రెండోది కష్టం కాదు.

మైపాడులో కూర్చుని చెన్నై కంపెనీకి పనిచేసే మనిషి అతనొక్కడే. గణితం చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీది. అది మొరాయించినప్పుడు ఎందుకో కనిపెట్టి చెప్పడం ఇతని ఉద్యోగం. ఒక పెద్ద కస్టమర్ రెండు గుండ్రటి బిళ్లలు గీశాడు. బొమ్మలో అవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటు చూపించమంటే మాత్రం సాఫ్ట్‌వేర్ 'ఖాళీ' అంటోంది. మధ్యాహ్నంలోగా కారణం చెప్పకపోతే ఇంటి నుంచి పని కట్టిపెట్టి చెన్నైలో గది వెతుక్కోమని మేనేజరు తేల్చేశాడు. పెళ్లాం దగ్గర ఉండాలని ఎన్ని కాళ్లో పట్టుకుని తెచ్చుకున్న అనుమతి అది. అందుకే అతనికి ఒక చోట కాలు నిలవడం లేదు.

ఇంట్లో నెట్ ఉంది గానీ, ఫోన్ సిగ్నల్ బయటే, అందులోనూ మేడ మీదే బాగా వస్తుంది. సముద్రపు గాలికి మాట వినపడదు కాబట్టి అరవాలి. అతను పిట్టగోడ వెంట అటూ ఇటూ తిరుగుతూ, చెన్నై ఆఫీసులో ఉన్న కలీంకు ఫోన్లో గోడు చెప్పుకున్నాడు.

"చూసేవాళ్లకి రెండూ కలిసే ఉండాయి కలీమన్నా. లోపల చూస్తే ఏం ల్యా, అంతా ఖాళీ. ఎన్ని రకాలుగా కలిపినా కలవడం ల్యా. ఇంక విడగొట్టి దేనికది చూడాల్సిందే."

పక్క మేడ మీద ఉప్పు చేపలు ఆరబెడుతున్న కరుణాకుమారి చెయ్యి ఆగిపోయింది. ఆవిడ చర్చిలో స్త్రీల కూడిక నడుపుతుంది. చాడీలు చెప్పడం పాపమని గట్టిగా నమ్ముతుంది. అందుకే ఏ సంగతి తెలిసినా ప్రార్థనాంశంగానే పంపుతుంది. ఇప్పుడూ పేరు పెట్టలేదు. మైపాడులో ఒక కంప్యూటర్ సోదరుడి కాపురం కొరకు ప్రార్థించమనీ, భార్య పుట్టింట ఉన్నదనీ మాత్రం వాట్సాప్ గ్రూపులో రాసింది.

గోరంత కొండంత కావడానికి గూడూరు చాలు. అక్కడికి చేరేసరికి ఆ ప్రార్థనాంశం విడాకులైంది. చిల్లకూరులో సంఘ పెద్ద మాథ్యూ చెవిన పడేసరికి అందులో వేరే ఆడమనిషి కూడా చేరింది. మాథ్యూ అబిగయీలు తండ్రి. తలకు నూనె పెట్టుకుంటున్న కూతుర్ని అలాగే లేపి, పాస్టరుగారితో సహా కారెక్కించాడు.

మధ్యాహ్నం కావస్తుండగా వాళ్లు దిగారు. వెనకే కరుణాకుమారి కూడా వచ్చింది. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గింజుకుంటున్న జీవానందానికి ఏమీ అర్థం కాలేదు. పొద్దున మేడ మీద విడగొట్టాలని అరిచిన మాట కరుణాకుమారి గుర్తు చేశాక తెలిసింది.

"అదంతా బిళ్లల గొడవ మావయ్యా," అన్నాడు.

"బిళ్లలా? ఏం రోగమయ్యా నీకు?" అని మాథ్యూ కుర్చీలో కూలబడ్డాడు. కరుణాకుమారి వెంటనే ఫోన్ తీసి ప్రార్థనాంశంలో ఆరోగ్యం కూడా చేర్చింది.

కిందా మీదా పడి అతను వివరించాడు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. అయినా ఇంత దూరం వచ్చారు కాబట్టి, నీకేమైనా దుఃఖం ఉందా అని పాస్టరుగారు అబిగయీలును అడిగారు. లేదని నవ్వింది. మళ్లీ అడిగితే తల దించుకుంది. ఇంకోసారి అడిగేసరికి కళ్లనీళ్లు వచ్చేశాయి.

"నేను మాట్లాడతా ఉంటే ఈయన ఊఁ అంటా ఉంటాడు అయ్యగారూ. చూసేదానికి ఇద్దరం ఒకే సోఫాలో ఉంటాం. ఈయన యాడో పైన ఉంటాడు. నేను కింద ఉంటా."

జీవానందం ల్యాప్‌టాప్ మీంచి చెయ్యి తీశాడు. చాలా రోజుల తర్వాత భార్య మాట అతను నిజంగా విన్నాడు. వచ్చిన చిక్కల్లా అదే.

"ఎత్తు," అన్నాడు లేచి నిలబడి. "ఎత్తు చూడలే."

బొమ్మను పక్కకు తిప్పాడు. ఒక బిళ్ల నేల మీద ఉంది, రెండోది దానికి జానెడు పైన గాలిలో ఉంది. పైనుంచి చూస్తే ఒకదాని మీద ఒకటి పడినట్టుంటాయి, అంతే. అబిగయీలు ఇంకా చెబుతుండగానే టకటకా జవాబు రాసి కస్టమర్‌కు పంపేసి, తృప్తిగా తలెత్తాడు. గదిలో అందరూ అతన్నే చూస్తున్నారు. అబిగయీలు కన్నీళ్లు ఆరిపోయాయి.

"నేనేం చెప్పినాను ఇప్పుడు?" అని అడిగింది.

"పైన, కింద అన్నావు."

"ఆ తర్వాత?"

"ఊఁ," అన్నాడు జీవానందం.

సాయంత్రం మేనేజరు ఫోన్ చేసి తెగ మెచ్చుకున్నాడు. వీధి మెట్ల మీద కూర్చుని, చల్లారిన రొయ్యల కూర తింటూ జీవానందం ఆ మెప్పు విన్నాడు. ఇంటి నుంచి పని చేసుకోవడానికి కంపెనీ శాశ్వతంగా ఒప్పుకుంది. ఇంట్లోకి రానివ్వడానికి అబిగయీలు ఇంకా ఒప్పుకోలేదు.