మైకు ముందు మా వదిన

మాట్లాడే స్వేచ్ఛకు హద్దులుండాలి. నన్నడిగితే ముందు హద్దులు కట్టేసి, చోటు మిగిలితే అందులో స్వేచ్ఛను సర్దుకోమనాలి. ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. మా వదినను చూసి చెబుతున్నాను.

మా వదిన బస్ స్టేషన్లో అనౌన్సరు. పంతొమ్మిదేళ్ళుగా అద్దాల గదిలో కూర్చుని, మైకు బటన్ నొక్కి, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతోంది. రాని బస్సుల కోసం కూడా ఆమె దగ్గర ఒక కార్డు ఉంది. ఆఫీసువాళ్ళే టైపు చేయించి, ప్లాస్టిక్ కవరు తొడిగి ఇచ్చారు. ‘మీ బస్సు కొద్దిసేపట్లో రానున్నది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.’

ఎంత చక్కటి వాక్యమో చూడండి. అందులో అబద్ధం ఎక్కడుంది? కొద్దిసేపు అంటే ఎంతసేపో ఎవరైనా చెప్పారా?

ఒక మంగళవారం, ఏడో ప్లాట్‌ఫారం బస్సు కోసం వదిన ఆ కార్డును పొద్దున్నుంచి పదకొండుసార్లు చదివింది. పన్నెండోసారి చదవబోతుంటే ఒక పెద్దావిడ అద్దం దగ్గరికి వచ్చింది. చంకలో ఆస్పత్రి ఫైలు, ఒక కంటికి కట్టు.

“అమ్మాయ్, నువ్వు చెప్పే కొద్దిసేపు ఎంతసేపు? ఇక్కడే కూర్చోనా, మా అమ్మాయి ఇంటికి తిరిగి పోనా? అదొక్కటీ చెప్పు చాలు” అంది.

వదిన కార్డు బోర్లించింది. మైకు నొక్కింది.

“ఏడో ప్లాట్‌ఫారం దగ్గరున్నవాళ్ళు వినండి. మీ బస్సు ఈ రోజు రాదు. బస్సు ఉంది, నడిపేవాళ్ళు లేరు. ఇద్దరు డ్రైవర్లు రిటైరై మూడు నెలలైంది. వాళ్ళ స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. కూర్చోకండి, వేరే దారి చూసుకోండి.”

ఆకాశం ఊడిపడిందా అంటే, లేదు. ఓ అరవైమంది లేచి, బట్టలు దులుపుకుని, సంచులు అందుకున్నారు. నలుగురేసి కలిసి టాక్సీలు మాట్లాడుకున్నారు. పెద్దావిడ పక్కవాళ్ళ చేత కూతురికి ఫోను చేయించుకుంది. పావుగంటలో ప్లాట్‌ఫారం ఖాళీ.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. మేనేజరుగారు ఉలిక్కిపడే మనిషి కాదు. నిదానంగా మెమో రాయించి, మూడు కాపీలు తీయించి, ఒకటి వదిన చేతికిచ్చారు. నేరం: ప్రయాణికుల్లో ఆందోళన రేకెత్తించుట.

వదినకు రాజ్యాంగం మీద నమ్మకం జాస్తి. స్కూల్లో ఉన్నప్పుడు ప్రాథమిక హక్కుల మీద వ్యాసం రాసి స్టీలు గిన్నె బహుమతి తెచ్చుకుంది. మెమో పట్టుకుని ఎదురుగా చెప్పుల షాపు మేడమీద ఉండే లాయరు దగ్గరికి వెళ్ళింది.

“మీకు మాట్లాడే హక్కు ఉందమ్మా, గట్టిగా ఉంది” అన్నాడాయన.

“మరి ఈ మెమో ఏమిటండీ?”

“ఆ మాట అన్నది మీరు కాదు కదా, అనౌన్సరు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ నోరు ఆఫీసుది. అదే ముక్క ఇంట్లో అనండి, ఎవరేం చేస్తారో చూద్దాం.”

“ఇంట్లో మా ఆయన తప్ప వినేవాళ్ళు లేరండీ.”

“అందుకే భయం లేదంటున్నా.”

ఆ ఒక్కడూ కూడా వినడని లాయరుగారికి తెలియదు. ఆ ఒక్కడూ మా అన్నయ్యే, నాకు తెలుసు. అయినా ఈ ఏర్పాటులో ఉన్న సుఖం గమనించండి. వంటింట్లో గొడుగు వేసుకుంటానంటే ఎవరొద్దంటారు? వానలోకి తెస్తేనే కదా పేచీ!

ఇక సంఘం సంగతి. టికెట్ కౌంటర్లో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు, కండక్టర్లు ఇద్దరు, సంఘంగా ఏర్పడి వదిన తరఫున అర్జీ రాద్దామని విశ్రాంతి గదిలో కూర్చున్నారు. మర్నాడు ఆ తలుపు మీద నోటీసు వెలిసింది. ‘ఈ గదిలో ఒకేసారి ముగ్గురికి మించి విశ్రమించరాదు.’

లాయరు మళ్ళీ ధైర్యం చెప్పాడు. సంఘం పెట్టుకునే హక్కు వాళ్ళకు నిక్షేపంగా ఉందట. దాన్ని ఆఫీసు గుర్తించి తీరాలనే హక్కు మాత్రం లేదట. గది మీద అసలే లేదట.

దాంతో ముగ్గురేసి వంతులవారీగా విశ్రమించారు. మొదటి ముగ్గురు రాసింది రెండో ముగ్గురు కొట్టేశారు, వాళ్ళు కొట్టేసింది వీళ్ళు మళ్ళీ రాశారు. ఆరుగురు ఒక్కచోట కూర్చుంటే గంటలో తేలిపోయే పని తొమ్మిది రోజులు పట్టింది. పనిలో తొందరపాటు తగ్గిందా లేదా? చివరికి ఇద్దరు సంతకం పెట్టారు. తక్కినవాళ్ళు ఇంట్లో అడిగి చెబుతామన్నారు.

ఈలోగా ఎంక్వయిరీ మొదలైంది. విచారణ చేసే ఆఫీసరు చెడ్డవాడేం కాదు. “ఆందోళన ఏమీ జరగలేదని ఒక్క ప్రయాణికుడి చేత రాయించుకు రండి, చూద్దాం” అన్నాడు.

లాయరు కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. “ఇంకేమమ్మా! ప్రయాణికుడి నోరు ఆఫీసుది కాదు. అతని సొంతం. ఎవరూ ఏమీ చెయ్యలేరు.”

వదిన నాలుగు రోజులు డ్యూటీ దిగాక ఏడో ప్లాట్‌ఫారం దగ్గర నిలబడింది. పెద్దావిడ ఆచూకీ దొరకలేదు. గొంతు గుర్తుపట్టి, “ఆ రోజు భలే మేలు చేశారండీ” అన్నవాళ్ళు మాత్రం చాలామందే దొరికారు. కాగితం తియ్యగానే ఒకాయనకు టైము గుర్తొచ్చింది. “రోజూ ఈ బస్సే ఎక్కాలి కదమ్మా” అన్నాడు ఇంకొకాయన. మూడో ఆయన ఎక్కడైనా చెబుతానన్నాడు, రాసి మాత్రం ఇవ్వనన్నాడు.

అయిదో రోజు మా ఇంటికి వచ్చింది.

“ఆ మంగళవారం నువ్వూ అక్కడే ఉన్నావటగా. నా మాట విని టాక్సీలో వచ్చేశావని మీ ఆవిడ చెప్పింది. నాలుగు ముక్కలు రాసివ్వు. రాయడం నీకు కొత్తా?”

కొత్త కాదు. పదిహేనేళ్ళుగా వారం వారం రాస్తున్నాను. నేను రాసే పత్రిక వెనక అట్ట మీద ఆ బస్సుల వాళ్ళ ప్రకటన కూడా వారం వారం వస్తుంది. అలాగని నన్నెవరూ బెదిరించలేదు. ఎడిటరుకు ఈ సంగతే తెలియదు. నాకు మెమో లేదు, నా గది తలుపు మీద నోటీసు లేదు. రాజ్యాంగం మొత్తం నా వెనకే నిలబడి ఉంది.

“చూద్దాం వదినా” అన్నాను.

వదిన మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సాక్షులెవరూ రాలేదు కాబట్టి నేరం రుజువైంది. ఉద్యోగం తియ్యలేదు, అది వాళ్ళ మంచితనం. పార్సిల్ గదిలో వేశారు. అక్కడ కిటికీ లేదు. మైకూ లేదు.

నెలరోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. చివరికి ఈ వ్యాసం రాసి, నిన్న పార్సిల్ గదికి వెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. డబ్బాలకు చీటీలు కడుతూనే విన్నది. లాయరు ఘట్టం దగ్గర నవ్వింది కూడా. మంచినీళ్ళ దగ్గర నవ్వలేదు.

“బాగా రాశావు. కింద నీ పేరు వేస్తారా?” అంది.

“కలం పేరు వేస్తారు వదినా” అన్నాను.