ఉదాహరణకు ఆదెయ్య

ఆ రోజు శశిభూషణ్ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. టిఫిను తిని, కారం మిల్లు ఆదెయ్య ఇచ్చిన మేడమీది హాలుకు సున్నం వేయించి, మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టి ఇంగ్లీషు కోచింగ్ మొదలుపెట్టాలి. కాన్వెంటులో ఉద్యోగం మానేసి మరీ దిగాడు ఈ పనిలోకి. గుంటూరంతా గాలిస్తే అడ్వాన్సు అడక్కుండా చోటిచ్చిన మారాజు ఆదెయ్య ఒక్కడే. కింద మిరపకాయలు ఆడుతుంటే పైన పిల్లలు తుమ్ముకుంటూ చదువుకోవాలి, ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ హాలు లేకపోతే కోచింగూ లేదు, మళ్ళీ కాన్వెంటు గడప తొక్కే మొహమూ లేదు.

ప్రచారానికి తన పాత శిష్యుడు, కేబుల్ టీవీ వాసింను పట్టుకున్నాడు. సీరియల్ నడుస్తుంటే తెర అడుగున అక్షరాలు పాకుతూ పోతాయే, అక్కడ రోజుకో బరువైన ఇంగ్లీషు మాట. ముందు మాట, తర్వాత అర్థం, ఆ తర్వాత తెలుగులో ఒక ఉదాహరణ వాక్యం. తెలిసిన మనిషిని వాక్యంలో కూర్చోబెడితే మాట చచ్చినా మరిచిపోరన్నది మాస్టారి సిద్ధాంతం. అందుకే మొదటి రోజు 'బెనెవలెంట్ అంటే దయగల. ఉదాహరణ: కారం మిల్లు ఆదెయ్య గారు బెనెవలెంట్ మనిషి' అని వేయించాడు. వారానికి సరిపడా మిగతా మాటలు కూడా రాసి వాసిం చేతిలో పెట్టి, తను బెంచీల వేటలో పడ్డాడు. మళ్ళీ టీవీ మొహం చూసింది ఈ పొద్దునే.

చూడబోతే కరెంటు లేదు. వంటింట్లో భార్య శ్రీదుర్గ మామిడి ముక్కల ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, ఆవపిండి, ఉప్పు, ఆదెయ్య మిల్లు కారం పళ్ళెంలో పోసుకుంటోంది. ఇంతలో కరెంటు వచ్చింది. మాటా, దాని అర్థమూ చీకట్లోనే వెళ్ళిపోయినట్టున్నాయి, ఉదాహరణ వాక్యం ఒక్కటే తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది.

'కారం మిల్లు ఆదెయ్య గారు కారంలో ఇటుకపొడి కలిపారు.'

శశిభూషణ్ నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉండిపోయింది. ఆనాటి మాట అడల్టరేట్, అంటే కల్తీ చేయడం. తను రాసింది 'ఒక వ్యాపారి కారంలో ఇటుకపొడి కలిపాడు' అని. ఆ వ్యాపారి ఏమైపోయాడు? ఆదెయ్య ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?

"ఏమండీ!" వంటింట్లోంచి శ్రీదుర్గ కేక. "ఇటుకపొడా? ఏడాది ఆవకాయండీ ఇది!"

"అబ్బే, అది నిజం కాదే! పాఠం!"

"టీవీలో వేస్తుంటే పాఠమంటారేంటి?"

అంతలోకే పక్కింటి నజీరా కారం డబ్బాతో సహా వచ్చేసింది. "వదినా, చూశావా ఘోరం? ముందు గ్లాసుడు నీళ్ళియ్యి!" అని, నీళ్ళలో చెంచాడు కారం వేసింది. ఏ కారమైనా కాస్త అడుక్కి దిగుతుంది. ఇదీ దిగింది.

"అదిగో ఇటుక!" అని గుండెలు బాదుకుంది నజీరా. "రాత్రి కోడికూర బ్రహ్మాండంగా ఉందని మా ఆయన మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు వదినా! ఆ కడుపులో ఈపాటికి గోడ లేస్తుంటుంది!"

చూస్తుండగానే వీధిలో ప్రతి గుమ్మంలోనూ ఓ నీళ్ళ గ్లాసు వెలిసింది. ఎవరో మహాతల్లి కోపం పట్టలేక డబ్బాడు కారం మేడ మీంచి కిందికి కుమ్మరించింది. గాలి కూడా సరిగ్గా అప్పుడే వీచింది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వీధి వీధంతా ఏకకంఠంతో తుమ్మింది. శశిభూషణ్ చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, తుమ్ముతూనే పరిగెత్తాడు.

వాసిం సందు మొదట్లో స్తంభం ఎక్కి తీగలు సరిచేస్తున్నాడు.

"ఒరేయ్ వాసిం! దిగరా ముందు! వాక్యంలో ఆదెయ్య పేరెందుకు పెట్టావురా?"

"ఆయనే పెట్టమన్నాడు సార్! మొదటి రోజు టీవీలో పేరు చూసుకుని ఉబ్బిపోయాడు. ఇక రోజూ నా పేరే పడాలి, మాస్టారికి నేను చెప్పుకుంటాలే అన్నాడు. మీరు 'ఒక వ్యాపారి' అని రాసిన చోటల్లా ఆయన్ని పెట్టేశా. నిన్న 'పంక్చువల్'కి ఎంత బాగా కుదిరాడో!"

"ఇవాళ్టిది చదువుకోవద్దురా, వెధవాయ్?"

"నేను ఎక్కించేవాణ్ణే గానీ చదివేవాణ్ణి కాదు కద్సార్!"

శశిభూషణ్ నెత్తి కొట్టుకుని, వాణ్ణి చెయ్యిపట్టి ఆఫీసుకు లాక్కెళ్ళి, అప్పటికప్పుడు సవరణ వేయించాడు. 'పొద్దున చెప్పినది ఉదాహరణ మాత్రమే.'

అది చదివి వీధి ఇంకా హడలిపోయింది. "ఉదాహరణే ఇట్టా ఉంటే, అసలుది ఇంకెట్టా ఉందో!" అంటూ ఆడవాళ్ళంతా డబ్బాలు చంకనెట్టుకుని మిల్లుకేసి బయల్దేరారు.

మాస్టారు ఎగశ్వాసతో మిల్లు చేరేసరికి జనం గేటు ఊపేస్తున్నారు. ఆదెయ్య మెట్టు మీద కొయ్యబారి నిలబడ్డాడు. శశిభూషణ్ కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఏం మాస్టారూ! చోటిచ్చిన పాపానికి నా నోట్లో మట్టి కొడతారా? మీ కోచింగూ వద్దు, మీరూ వద్దు! హాలు తాళం ఇటు పారెయ్యండి!"

శశిభూషణ్ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, బోర్లించిన డబ్బా ఒకటి ఎక్కి చేతులు జోడించాడు.

"అమ్మా, తప్పంతా నాది! ఇంగ్లీషు మాట కోసం నేను కల్పించి రాసిన వాక్యం అది. ఇటుకా లేదు, పొడీ లేదు. ఆదెయ్య గారు మచ్చలేని మనిషి. కావాలంటే నన్ను తిట్టండి!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయ్యో పాపం, పెద్దాయన్ని ఎన్ని మాటలన్నాం!" అని నజీరా కళ్ళొత్తుకుంది. డబ్బాల మూతలు ఒక్కొక్కటే పడ్డాయి. గండం గడిచిందని శశిభూషణ్ ఊపిరి పీల్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆదెయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"విన్నారుగా! ఇటుకపొడి కలిపే నీచుణ్ణా నేను? తిండి వస్తువులో తినలేనిది కలుపుతానా? ఒట్టేసి చెబుతున్నా, నేను కలిపేది శుభ్రమైన తవుడు!"

శశిభూషణ్ డబ్బా మీంచి జారి కిందపడ్డాడు. ఎవరూ లేవదీయలేదు.

"తవుడా?" అంది శ్రీదుర్గ.

"బలమేనమ్మా..." అని నసిగాడు ఆదెయ్య. అన్న తర్వాత గానీ తనేమన్నాడో ఆయన చెవికెక్కలేదు.

ఆ రోజు పొద్దుగూకేదాకా ఆదెయ్య అందరి డబ్బాలూ ఖాళీ చేయించి, అందరి కళ్ళెదుటా కొత్త మిరపకాయలు పోసి ఆడించి ఇచ్చాడు. చివరికి శశిభూషణ్ తలొంచుకుని తాళంచెవి చాపితే, చుట్టూ చూసి ఆ చెయ్యి తనే మూసేశాడు.

"ఉంచుకోండి మాస్టారూ. ఇప్పుడు మిమ్మల్ని వెళ్ళగొడితే, ఇంకేదో దాచుకోవడానికే పంపించానంటారు. నా పేరు మాత్రం ఇక వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది."

మర్నాడు కొబ్బరికాయతో వెళ్ళిన శశిభూషణ్ హాలు మెట్ల మీది జనాన్ని చూసి నిలువునా నీరైపోయాడు. ఒక్క కుర్రాడి మొహం కూడా లేదు. నూనె కొట్టు లాల్ అహ్మద్, మిఠాయి కొట్టాయన, ఇంకా బజారులో సగం మంది బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు పాల పేరయ్య.

"మాస్టారూ, రేపు టీవీలో ఏ మాటేస్తారండీ?"

"పాత జాబితా చింపేశాను పేరయ్యా, కొత్తది ఇంకా రాయలేదు. ఎందుకూ?"

పేరయ్య వెనక్కీ ముందుకీ చూసి గొంతు తగ్గించాడు. "నీళ్ళు కలపటానికి ఇంగ్లీషులో ఓ మాటుందంటగా. అదెప్పుడొచ్చిద్దండీ?"

"రాబోయే మాటలన్నీ కోర్సులో చేరినవాళ్ళకు ముందే చెబుతాం" అన్నాడు శశిభూషణ్, పిల్లలకు నిజంగానే అలా చెబుదామనుకున్నాడు కాబట్టి.

పదినిమిషాల్లో బ్యాచి నిండిపోయింది. ఆ బ్యాచిలో ఇంగ్లీషు ఎవరికీ ఒంటబట్టలేదు గానీ, ఆ వేసవిలో ఆ వీధి పాలు మాత్రం బాగా చిక్కబడ్డాయి.