మందారబాలపై నా పరిశోధన

నేను మార్కాపురం హైస్కూల్లో తెలుగు పంతులుగా ఉన్న రోజుల్లో, మద్రాసులో ఒక సాహిత్య సంఘం వ్యాసాల పోటీ పెట్టింది. విషయం: "తెర మీద తారలు, తెర వెనుక మనుషులు." సరిగ్గా ఆ వారమే ఊళ్లో టూరింగ్ టాకీసు డేరా వెలిసింది. మందారబాల నటించిన బొమ్మ. నాకు హఠాత్తుగా విద్య మీద భక్తి పుట్టింది.

వారం రోజులూ సాయంత్రం ఆటకు వెళ్లాలని మా ఆవిడ కృష్ణవేణమ్మతో చెప్పాను.

"ఒకే బొమ్మ ఏడుసార్లా? ఏంది, మొదటిసారి కండ్లు మూసుకోని చూస్తావా?"

"ఇది పరిశోధనే! మందారబాలను నిశితంగా పరిశీలించాలి."

"అయితే నేనూ వస్తా. నిన్ను నిశితంగా పరిశీలించాల."

ఆమెను ఆపడానికి సినిమా పత్రిక తెరిచాను. ఫోటోలో మందారబాల పట్టుచీర కట్టి పప్పు ఎనుపుతోంది.

"చూడు, ఎంత పేరున్న మనిషి! రోజూ భర్తకు తనే వండుతుందట. ఎదురుమాట అనదట."

కృష్ణవేణమ్మ ఫోటోను వెలుతురుకు తిప్పింది. "పప్పుగుత్తి తలకిందులుగా పట్టుకున్నాది. పొయ్యిలో కట్టె లేదు. కుండకు మసి లేదు. ఆ మొగుడు పస్తులుంటాడు, పాపం."

ఇద్దరమూ వెళ్లాం.

డేరాలో మగవాళ్లు ఒకపక్క, ఆడవాళ్లు ఒకపక్క, నడుమ గోనెపట్టా. నేను చీకట్లోనే నోటుపుస్తకం నింపాను. పట్టా అవతల మా ఆవిడా, పక్కింటి అలివేలమ్మా ఏడ్చారు, ముక్కు చీదారు, మధ్యమధ్య వాదించుకున్నారు.

ఎనిమిదోరోజు పొద్దున పుస్తకం తెరిస్తే వరుస మీద వరుస పడి, నా రాత నాకే కొరుకుడు పడలేదు. తెలిసిన ముక్క ఒక్కటే: "ఆహా". అది పదిహేడు చోట్ల ఉంది.

గడువు ఎల్లుండి. సిగ్గు విడిచాను.

"ఏమే, బొమ్మలో నువ్వేం చూశావు?"

ఆమె బియ్యం ఏరుతూనే చెప్పింది. "ఆమె ఏడుస్తాంటే మా ఏడుపు మాకు గుర్తొచ్చినాది. ఇంట్లో గూడా ఆమె అట్లనే ఉంటాదని పత్రికలోళ్లు రాస్తారు. అది ఆమె గురించి కాదయ్యా, మేమట్ల ఉండాలని. ఆమెకు కోపమొస్తే ఏడ దాచుకుంటాదని అలివేలమ్మ అడిగినాది. ఎవురికీ తెలీలేదు."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తే పన్నెండు పేజీలు వచ్చాయి. కింద నా పేరు రాసి, పక్కన బి.ఏ. కూడా తగిలించాను.

నెల తిరక్కుండా ఉత్తరం. మొదటి బహుమతి! అరుగు మీద నిలబడి వీధి వీధంతా వినేలా చదివాను. చివరి రెండు వాక్యాలూ పైకి చదివేశాక గానీ నోరు ఆగలేదు. "స్త్రీల పట్టా వెనుక జరిగిన సంభాషణ తమ చెవిన ఎలా పడిందో తెలుపగలరు. తమ నడవడి విషయమై కొందరు సభ్యులు కలవరపడుతున్నారు."

అవతలి అరుగు మీద మా హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకున్నారు.

లోపలికి వచ్చేసరికి కృష్ణవేణమ్మ సిరాబుడ్డీ, కాగితమూ సిద్ధంగా పెట్టింది.

"ఉద్యోగం నిలవాలంటే రాయి. నేను చెప్తా."

"చెప్పు."

"అయ్యా, ఆ వ్యాసం నా భార్యది."

రాశాను.

"అందులో నాది దస్తూరి ఒక్కటే."

అదీ రాశాను. ఆమె కాగితం అందుకుని ఆసాంతం చదివి, ఒకచోట తప్పిపోయిన వత్తు పెట్టింది.